చావుల లెక్క పరీక్ష కాదు

ఆయుధానికి అసలు పరీక్ష యుద్ధరంగంలోనే జరుగుతుందన్న మాట ఇప్పుడు మన దేశంలో ఎదురు చెప్పరాని సత్యమై కూర్చుంది. రక్షణ ప్రదర్శనల్లో కంపెనీలు తమ సరుకు మీద గర్వంగా వేసుకునే ముద్ర "యుద్ధంలో రుజువైనది" అన్నదే. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత ఆ ముద్రకు గిరాకీ ఇంకా పెరిగింది. టీవీ చర్చల్లో విశ్రాంత అధికారులు, పత్రికల్లో విశ్లేషకులు చెప్పేదీ అదే: ఏళ్ల తరబడి కొలతలు తీస్తూ కూర్చోవడం దేనికి, దళాల చేతికి ఇచ్చేయండి, పనికొస్తుందో లేదో వాళ్లే తేలుస్తారు. బస్తర్ ప్రస్తావన వస్తే ఈ వాదన ఇంకో మెట్టెక్కుతుంది. మావోయిస్టులతో ఇరవై ఏళ్ల పోరు నేర్పినంత ఏ పరీక్షా కేంద్రమూ నేర్పలేదట. సుక్మా అడవిలో ఆరు నెలలు తిరిగిన జవానుకు మించిన పరీక్షకుడు లేడట.

ఈ వాదన తప్పు. దాని ఖరీదు జవాన్లు, బస్తర్ గ్రామస్థులు కలిసి చెల్లిస్తున్నారు. సంక్లిష్టమైన సైనిక పరికరాన్ని పరీక్షించి, దాని శక్తి ఎంతో, హద్దు ఎక్కడో తేల్చి చెప్పడం ఒక వృత్తి. దానికి చదువు కావాలి, శిక్షణ కావాలి, పైవాడికి నచ్చని మాట రాసి సంతకం పెట్టే స్వేచ్ఛ కావాలి. విమానాల విషయంలో ఈ వృత్తిని మనం శ్రద్ధగా పెంచుకున్నాం. నేల మీద నడిచే దళాల విషయంలో దాని ఊసే ఎత్తలేదు.

2005 సెప్టెంబరు 3న, అప్పటి దంతెవాడ జిల్లాలోని పడేడా దగ్గర మావోయిస్టులు ఒక మైన్‌ప్రూఫ్ వాహనాన్ని మందుపాతరతో పేల్చేశారు. 24 మంది చనిపోయారు. మందుపాతరను తట్టుకుంటుందన్న నమ్మకంతో ఎక్కిన బండి అది. 2018 మార్చి 13న సుక్మా జిల్లా కిష్టారం–పాలోడి దారిలో మరో మైన్‌ప్రూఫ్ వాహనం పేలింది. సీఆర్‌పీఎఫ్ 212వ బెటాలియన్‌ జవాన్లు 9 మంది చనిపోయారు. ఈ రెంటికీ మధ్య పన్నెండున్నరేళ్లు. యుద్ధరంగమే పరీక్షాశాల అయితే ఇన్నేళ్ల పరీక్షలో తేలిందేమిటో ఎవరైనా కాగితం మీద చూపించగలగాలి. అలాంటి కాగితం జనం ముందుకు ఏనాడూ రాలేదు.

మైన్‌ప్రూఫ్ వాహనం పనిచేసే తీరులో రహస్యమేమీ లేదు. దాని అడుగు భాగం ఇంగ్లిషు వి అక్షరంలా కోసుగా ఉంటుంది. కింద పేలిన మందు ఒత్తిడి సూటిగా అడుగును తన్నకుండా రెండు పక్కలకూ చీలిపోతుంది. నేలకూ అడుగుకూ మధ్య ఎంత ఎడముంటే అంత మేలు. ఈ జాతి వాహనాలకు పెద్దదిక్కు 1970ల చివర్లో దక్షిణాఫ్రికాలో రూపుదిద్దుకున్న కాస్పిర్. మన దగ్గర సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ కూడా మైన్‌ప్రూఫ్ వాహనాలు తయారు చేసింది. కాస్పిర్ హద్దు దాని కాగితాల్లోనే స్పష్టంగా ఉంది: చక్రం కింద 21 కిలోల టీఎన్‌టీ, పొట్ట కింద 14 కిలోలు. అంటే చక్రం కింద మూడు, పొట్ట కింద రెండు సోవియట్ ట్యాంకు మందుపాతరల లెక్క. నాటో దేశాల ప్రమాణంలో మందుపాతరలకు పెట్టుకున్న అత్యున్నత స్థాయి కూడా 10 కిలోలే. ఈ లెక్కలన్నీ ఫ్యాక్టరీలో తయారై, సైనికులు పాతే మైన్లను దృష్టిలో పెట్టుకుని కట్టినవి.

బస్తర్‌లో పేలేది ఆ మైను కాదు. రోడ్డు పక్కనుంచి సొరంగంలా తవ్వి, తారు కిందికి తోసి, తీగ లాగి, దూరంగా ఒక మనిషి కూర్చుని బండి వచ్చినప్పుడు పేల్చే మందుపాతర అది. 2023 ఏప్రిల్ 26న అరన్‌పూర్ దగ్గర పేలింది 40 నుంచి 50 కిలోలని పోలీసుల అంచనా. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రు దగ్గర పేలింది 60 నుంచి 70 కిలోలన్నారు. 14 కిలోల కోసం కట్టిన అడుగు 60 కిలోలకు ఆగదని చెప్పడానికి యుద్ధం అక్కర్లేదు. బండి తన హద్దు మేరకు నిలబడుతుంది. ఆ హద్దేమిటో అందులో ఎక్కే హవల్దారుకూ, ఎక్కమని ఆదేశించే అధికారికీ తెలియాలి. ఈ బండి ఇంత బరువు మందుకు, ఇంత లోతులో, ఇంత వేగంలో, బెల్టులు పెట్టుకుని ఉంటే, ఇంతవరకు కాపాడుతుంది. అది దాటితే కాపాడదు. ఈ ఒక్క పేరా రాసి ఇవ్వగలిగినవాడే పరీక్షకుడు. బండి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అతని దగ్గర జవాబుండదు. ఎంతవరకు అన్నదానికి ఉంటుంది.

ఆ పేరా లేకపోతే ఏమవుతుందో బస్తర్ చరిత్రే చెబుతోంది. మొదట ఈ వాహనాల మీద గుడ్డి నమ్మకం ఉండేది. వరుసగా బండ్లు పేలాక, సీఆర్‌పీఎఫ్ డీజీగా ఉన్న కె. విజయ్ కుమార్ వీటిని చక్రాల మీది శవపేటికలతో పోల్చారు. ఆ బాధ నిజమైనది. కానీ ఆ పోలిక దేశమంతా పాకి తీర్పుగా మారిపోయింది. నమ్మకం ఎంత కొలత లేనిదో ఈ తీర్పూ అంత కొలత లేనిదే. నడిచి వెళ్లడమే మేలన్నారు. గ్రేహౌండ్స్ ఎప్పటినుంచో పాటిస్తున్న పద్ధతి అది, దానికి గట్టి కారణాలున్నాయి. కానీ మనుషులు అలసిపోతారు, వానలు పడతాయి, తొందర పని తగులుతుంది, అప్పుడు ఏది దొరికితే అది ఎక్కుతారు. అరన్‌పూర్‌లో పేలింది అద్దెకు తీసుకున్న సరుకు రవాణా బండి. అందులో డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్ జవాన్లు 10 మంది, డ్రైవరు చనిపోయారు. కుట్రులో పేలింది మామూలు ప్రయాణికుల వాహనం. 8 మంది జవాన్లు, డ్రైవరు చనిపోయారు. ఆ జవాన్లలో ఎక్కువమంది బస్తర్ బిడ్డలే. 14 కిలోలకు ఆగే బండిని శవపేటిక అని పక్కన పెట్టి, ఒక్క కిలోకూ ఆగని బండిలో ఎక్కడం ఏ పరీక్ష నేర్పిన పాఠం?

యుద్ధరంగం పరీక్ష ఎందుకు కాదో ఇంకొంచెం వివరంగా చెప్పాలి. ఈ భ్రమ వేళ్లూనుకున్నది ఇక్కడే. పరీక్షంటే ప్రశ్న ముందుగా రాసుకోవడం. ఒక్కో అంశాన్నే మారుస్తూ మిగతావి కదలకుండా పట్టుకోవడం. ఫలితం నచ్చినా నచ్చకపోయినా నమోదు చేయడం. అడవిలో పేలిన మందుపాతర దగ్గర వీటిలో ఏది సాధ్యం? మందు బరువును గుంత చూసి అంచనా వేస్తారు. ఎంత లోతులో ఉందో తెలియదు. బండి వేగం తెలియదు. ఎవరు ఏ సీట్లో ఉన్నారో, ఎవరు బెల్టు పెట్టుకున్నారో చెప్పడానికి మనిషి మిగలడు. బతికి వచ్చినవాడి మాటే సాక్ష్యమవుతుంది. చనిపోయినవాడి సాక్ష్యం వాడి ఎముకల్లో, ఆ బండి ఇనుములో ఉంటుంది. దాన్ని చదవడం నేర్చినవాడు అక్కడ ఉండడు. దారి తెరవాలన్న తొందరలో గుంత పూడ్చేస్తారు. ఆ తర్వాత జరిగే విచారణ దృష్టంతా నిబంధనలు ఎవరు ఉల్లంఘించారన్న దాని మీదే ఉంటుంది. చివరికి తప్పు చనిపోయినవాళ్ల ఖాతాలోనే పడుతుంది. ఇంతమంది చనిపోయి, కొలత ఒక్కటీ మిగలకపోతే దానికి పరీక్ష అన్న పేరు పెట్టడం ఆ చావులకు అవమానం.

యుద్ధం నుంచి నేర్చుకోవడం అసాధ్యమని నా వాదన కాదు. దానికీ శిక్షణ పొందిన మనుషులే కావాలంటున్నాను. ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల కాలంలో, 2006లో, అమెరికా ఒక ఏర్పాటు చేసుకుంది. పేలుడులో గాయపడినవాళ్ల, చనిపోయినవాళ్ల వైద్య వివరాలను, పేలిన వాహనం పరిశీలనను, గూఢచారి సమాచారాన్ని ఒకే బల్ల మీదికి తెచ్చే కార్యక్రమం అది. వైద్యుడు, ఇంజినీరు, సైనికుడు కలిసి కూర్చుని ఒక్కో ఘటననూ విప్పి చూశారు. దాంతో తెలిసింది ఒక ముఖ్యమైన సంగతి: బండి చిల్లు పడకుండా నిలబడినా లోపలి మనిషి చనిపోవచ్చు. అడుగు ఒక్కసారిగా పైకి తన్నితే పాదాలు, పిక్క ఎముకలు చిట్లుతాయి. సీటు తన్నితే వెన్నెముక నలుగుతుంది. బెల్టు లేకపోతే తల పైకప్పుకు కొట్టుకుంటుంది. అందుకే నాటో పరీక్షల్లో బండిలో బొమ్మ మనుషుల్ని కూర్చోబెట్టి, పిక్క ఎముక మీద పడే బలం 5.4 కిలోన్యూటన్లు దాటకూడదని, వెన్ను మీది దెబ్బ సూచీ 17.7 మించకూడదని చూస్తారు. ఇనుము బతికిందా అని చూసే కన్ను ఎవరికైనా ఉంటుంది. మనిషి బతికాడా అని కొలిచే కన్ను నేర్చుకుంటే వస్తుంది.

ఇలా నేర్పడం మన దేశానికి చేతకాని పనేమీ కాదు. బెంగళూరులోని ఎయిర్‌క్రాఫ్ట్ అండ్ సిస్టమ్స్ టెస్టింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్ 1972లో ఏర్పడింది. మరుసటి ఏడాదే వైమానిక దళ టెస్ట్ పైలట్ల స్కూలు మొదలైంది. అక్కడ పైలట్లనూ ఫ్లైట్ టెస్ట్ ఇంజినీర్లనూ పక్కపక్కన కూర్చోబెట్టి దాదాపు ఏడాది పాటు నేర్పుతారు. విమానం గొప్పగా నడపడం వచ్చినంత మాత్రాన అక్కడ సీటు రాదు. విమానం ఏ అంచున అదుపు తప్పుతుందో ముందుగా లెక్కగట్టడం, ఆ అంచుకు అంగుళం అంగుళం దగ్గరవడం, చూసింది చూసినట్టు రాయడం అక్కడి చదువు. ఆ చదువుకు వెనక త్యాగాలున్నాయి. మన మొదటి జెట్ యుద్ధవిమానం మారుత్‌ను 1961లో తొలిసారి ఎగరేసిన గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్, 1970 జనవరి 10న అదే జాతి విమానాన్ని పరీక్షిస్తూ ప్రాణాలు కోల్పోయారు. ఆ తరం కష్టం వృథా పోలేదు. తేజస్ 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది. ఆ విమానం మొదటిసారి కూలింది 2024 మార్చిలో, జైసల్మేర్ దగ్గర. పరీక్షల దశలో ఒక్క విమానమూ కూలలేదు. ఇది అదృష్టం వల్ల జరగలేదు. పరీక్షకుల్ని తయారు చేసుకున్నందువల్ల జరిగింది.

ఆకాశంలో ఎగిరే పైలట్‌ ప్రాణానికి ఇంత జాగ్రత్త తీసుకున్న దేశం, దోర్నపాల్ రోడ్డు మీద బండెక్కే కానిస్టేబుల్‌కు ఏం ఇచ్చింది? కేంద్ర సాయుధ పోలీసు బలగాల కొనుగోళ్లలో పరికరానికి ఉండాల్సిన గుణాల జాబితాలు (క్యూఆర్‌లు) రాస్తారు, ట్రయల్ నిబంధనలు రాస్తారు, ఒక్కో పరికరానికి అధికారుల బోర్డు వేస్తారు. బోర్డులో కూర్చునేవాళ్లు నిజాయితీపరులు కావచ్చు, బస్తర్‌లో పనిచేసినవాళ్లూ కావచ్చు. కానీ నిన్న ఎన్నికల బందోబస్తు, నేడు ట్రయల్ బోర్డు, రేపు మరో రాష్ట్రానికి బదిలీ. బెంగళూరు స్కూలుకు సాటివచ్చే బడి వాళ్ల కోసం ఒక్కటీ లేదు. పరికరం తెచ్చేది కంపెనీ, ఖర్చు భరించేది కంపెనీ, చాలాసార్లు దగ్గరుండి నడిపి చూపించేదీ కంపెనీ మనుషులే. ఎదురుగా కూర్చున్న బోర్డు ఏ ప్రశ్న అడగాలో కూడా ఎవరైనా నేర్పితేనే తెలుస్తుంది.

ఒక లెక్క చూడండి. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ మీద పదిసార్లు కాల్చారు, పదిసార్లూ ఆగింది. మామూలు కంటికి అది నూటికి నూరు మార్కులు. గణాంకశాస్త్రం తెలిసినవాడికి మాత్రం ఆ పది కాల్పులు చెప్పేది చాలా తక్కువ. 95 శాతం నమ్మకంతో అతను రాయగలిగేది, ఈ జాకెట్ విఫలమయ్యే అవకాశం 26 శాతం మించదు అని మాత్రమే. నాలుగింట ఒకటి! అది 5 శాతం లోపేనని అదే నమ్మకంతో చెప్పాలంటే ఒక్కటి కూడా లోపలికి దూరకుండా 59 కాల్పులు కావాలి. ఈ తేడా తెలియని బోర్డు, తెలియకుండానే, జవాను గుండె మీద పందెం కాస్తోంది. ఈ జాకెట్లకు భారతీయ ప్రమాణాల సంస్థ సొంత ప్రమాణం 2018లో వచ్చింది. అప్పటికి బస్తర్‌లో చింతల్నార్ దాడి జరిగి ఎనిమిదేళ్లు. 2010 ఏప్రిల్ 6న అక్కడ 76 మంది చనిపోయారు. బుర్కాపాల్ దాడి జరిగి ఏడాది. 2017 ఏప్రిల్ 24న అక్కడ 25 మంది.

తయారు చేసినవాళ్లే పరీక్షిస్తే చాలదా, శాస్త్రవేత్తల కన్నా ఎవరికి బాగా తెలుసు అని అడిగేవాళ్లున్నారు. తయారు చేసినవాడు తన పని నిలబడాలని కోరుకుంటాడు, అది సహజం. అందుకే తీర్పు అతని చేతిలో ఉండకూడదు. 1980లలో అమెరికా బ్రాడ్లీ సాయుధ వాహనం విషయంలో కర్నల్ జేమ్స్ బర్టన్ ఒక్క మాట మీద నిలబడ్డాడు: లోపల నిజమైన ఇంధనం, నిజమైన మందుగుండు నింపి, శత్రువు వాడే ఆయుధాలతోనే కొట్టి చూడాలి. పైవాళ్లకు ఆ మాట రుచించలేదు. అతని ఉద్యోగ జీవితం ముగిసింది. కానీ బ్రాడ్లీ డిజైన్ మారింది, నిజమైన కాల్పులతో పరీక్షించి తీరాలని అమెరికన్ కాంగ్రెస్ చట్టమే చేసింది. అంతకుముందే, 1983లో, తయారీకీ కొనుగోలుకూ సంబంధం లేని స్వతంత్ర పరీక్షా కార్యాలయాన్ని అదే కాంగ్రెస్ ఏర్పాటు చేసింది. 2025 మేలో అమెరికా రక్షణ మంత్రి ఆ కార్యాలయం సిబ్బందిని బాగా కుదించారు. మన వాళ్లు ఇప్పుడు దాన్నే ఉదాహరణగా చూపుతున్నారు. నలభై ఏళ్లు పంట కోసుకున్నవాడు పొలం అమ్ముకుంటుంటే, ఒక్క కారు కూడా వేయని మనం వాడిని అనుకరించడం అవివేకం.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనను. 2020 మేలో 400 కోట్ల రూపాయలతో రక్షణ పరీక్షా వసతుల పథకం మొదలైంది. చండీగఢ్‌లో పేలుళ్లను కొలిచే ప్రయోగశాల ఉంది, పుణె దగ్గర సీఆర్‌పీఎఫ్ ఐఈడీ శిక్షణ సంస్థ ఉంది, కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గరి రేంజిలో డీఆర్‌డీవో 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని పరీక్షించింది. హైదరాబాద్ చుట్టూ క్షిపణుల ప్రయోగశాలలు, కవచాల లోహం మీద పనిచేసే ప్రయోగశాల, ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఉన్నాయి. గోడలు కట్టాం, యంత్రాలు కొన్నాం. ఆ యంత్రం ఇచ్చిన అంకెను పట్టుకుని కిష్టారం దారికి దాని అర్థమేమిటో చెప్పగలిగే మనిషిని తయారు చేయలేదు. కాంకేర్‌లో 2005 నుంచి జంగిల్ వార్‌ఫేర్ కాలేజీ నడుస్తోంది. పోరాడడం నేర్పే చోటు అది. చేతిలో ఉన్న పరికరాన్ని అనుమానించడం నేర్పే చోటు ఇంకా కావాలి.

అనుమానించడం ఎందుకో బస్తర్ మట్టే చెబుతుంది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని 1968 నుంచి తవ్వుతున్నారు. ఇనుము కలిసిన ఎర్రమట్టి నేలల్లో మెటల్ డిటెక్టర్ తడబడుతుంది. అడుగడుగునా మోగుతుంది, లేదా మోగకుండా ఉండేలా సున్నితత్వం తగ్గిస్తే అసలు మందుపాతరనే వదిలేస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో, ఇంజెక్షన్ సిరంజీతో చేసిన ప్రెజర్ స్విచ్‌తో పాతిన బాంబులో లోహం అసలే స్వల్పం. ప్రపంచంలో మందుపాతరలు ఏరేవాళ్లకు ఇది పాత సమస్య. అందుకే ఐరోపా నిపుణులు 2003లో డిటెక్టర్ల పరీక్షకు ఒక ప్రమాణం రాసుకున్నారు. 2004లో లావోస్‌కు, 2005లో మొజాంబిక్‌కు డిటెక్టర్లను మోసుకెళ్లి అక్కడి నేలలోనే పరీక్షించారు. పాతిన చోటు డిటెక్టర్ పట్టుకున్నవాడికి తెలియకూడదు. ఎన్ని దొరికాయన్న లెక్కతో పాటు ఎన్ని తప్పుడు మోతలు వచ్చాయన్న లెక్కా రాయాలి. ఎండిన నేల, తడిసిన నేల రెండూ చూడాలి. తడి నేల డిటెక్టర్‌నే కాదు, పేలుడు దెబ్బనూ మారుస్తుంది. మే నెలలో, జూలైలో ఒకే మందు ఒకేలా తన్నదు. ఇవన్నీ తెలిసినవాడు ఢిల్లీ శివారు మైదానంలో పాసైన డిటెక్టర్‌ను దంతెవాడకు పంపే ముందు ఆగుతాడు.

పరీక్షలంటే ఆలస్యం, ఆలస్యమంటే ప్రాణనష్టం అన్న వాదనకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఇరాక్‌లో మందుపాతరలు అమెరికన్ సైనికుల్ని చంపుతున్నప్పుడు, 2007లో అమెరికా కొత్త వాహనాల కొనుగోలునూ అబెర్డీన్ రేంజిలో వాటిని పేల్చి చూసే పనినీ పక్కపక్కనే నడిపింది. రెండేళ్లు తిరగకుండా పది వేలకు పైగా వాహనాలు చేరాయి. పరీక్షించడం వచ్చినవాళ్లు తగినంతమంది ఉంటే పరీక్ష వేగంగా జరుగుతుంది. లేకపోతే కొనుగోలు త్వరగా అయినా పని మళ్లీ మొదటికొస్తుంది. 2025 ఫిబ్రవరిలో సైన్యం 400 డ్రోన్ల ఒప్పందాల్ని రద్దు చేసుకుంది. వాటిలో చైనా విడిభాగాలున్నాయని ఒప్పందాలు చేసుకున్న తర్వాత తేలింది.

మరో అభ్యంతరం వేరే వైపు నుంచి వస్తుంది. అది నాకు దగ్గరైన వైపు కాబట్టి జాగ్రత్తగా జవాబు చెబుతాను. ఆదివాసీల మీద రాజ్యం చేసే యుద్ధానికి మెరుగైన పరికరాలు ఎందుకు సమకూర్చాలి, వాటికి పదును పెట్టే శిక్షణ ఎందుకు అని హక్కుల మిత్రులు అడుగుతారు. వాళ్లు ఎడెస్‌మెట్టను గుర్తు చేసుకోవాలి. 2013 మే 17 రాత్రి విత్తనాల పండుగ కోసం గుమిగూడిన గ్రామస్థుల మీద దళాలు కాల్పులు జరిపాయి. ఎనిమిది మంది గ్రామస్థులు చనిపోయారు. విచారణ జరిపిన జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్, చనిపోయినవాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదంది, దళాలు కంగారులో కాల్చాయంది. తగిన పరికరాలు, సరైన సమాచారం ఉండి ఉంటే ఆ కాల్పులు తప్పేవని కూడా ఆ నివేదిక అభిప్రాయపడింది. చీకట్లో ఏమి కనిపిస్తుందో, ఏమి కనిపించదో తెలియని తుపాకీ ముందు మొదట పడేది గ్రామస్థుడే.

డ్రోన్ల సంగతీ అంతే. బస్తర్ మీద నిఘా డ్రోన్లు ఒకప్పుడు బేగంపేట నుంచి ఎగిరేవి. తర్వాత వాటిని భిలాయి దగ్గర నందినికి మార్చారు. దూరం తగ్గింది. సాల వృక్షాల దట్టమైన ఆకుల పందిరి మాత్రం తగ్గలేదు. మామూలు కెమెరా ఆకుల్లోంచి చూడలేదు. వేడిని పసిగట్టే కెమెరా మనిషి ఉన్నాడని చెప్పగలదు, ఆ మనిషి ఎవరో చెప్పలేదు. శిక్షణ పొందిన స్వతంత్ర పరీక్షకుడు తన నివేదికలో ఇలా రాయగలడు: ఇంత ఎత్తు నుంచి, ఈ ఋతువులో, ఈ అడవిలో, తునికాకు కట్ట మోసే మనిషికీ తుపాకీ మోసే మనిషికీ తేడా ఈ పరికరం పట్టలేదు. కాబట్టి దీని చిత్రం ఒక్కదాన్నే నమ్మి కాల్పులకు దిగకూడదు. ఆ వాక్యం అధికారిక కాగితం మీద ఉంటే కోర్టులో గ్రామస్థుడి పక్షాన నిలబడుతుంది. హక్కుల కోసం పోరాడేవాళ్లు ఈ వృత్తిని వ్యతిరేకించడం కాదు, దాని స్వతంత్రత కోసం పట్టుబట్టాలి.

ఇక చివరి వాదన: యుద్ధమే ముగిసిపోతోంది కదా అని. 2026 మార్చి 31ని కేంద్ర హోంమంత్రి అమిత్ షా మావోయిజానికి గడువుగా ప్రకటించారు. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ కేశవరావు 2025 మే 21న నారాయణ్‌పూర్ జిల్లా అడవుల్లో చనిపోయాడు. వరంగల్ ఆర్‌ఈసీలో చదివిన సిక్కోలు మనిషి, మందుపాతరల్లో ఆరితేరినవాడు. మనుషులు పోయినా, లొంగిపోయినా, పాతిన మందు లొంగిపోదు. తెలంగాణ సరిహద్దులో, కర్రెగుట్టల మీద 2025 ఏప్రిల్, మే నెలల్లో జరిగిన ఒక్క ఆపరేషన్‌లోనే 450 ఐఈడీలు దొరికాయని అధికారులు చెప్పారు. అదే మేలో ములుగు జిల్లా వాజేడు వైపు గ్రేహౌండ్స్ జవాన్లు ముగ్గురు మందుపాతరకు బలయ్యారు. దొరకనివి ఎన్నో ఎవరూ చెప్పలేరు. తునికాకుకూ ఇప్పపువ్వుకూ కట్టెలకూ రోజూ అదే నేల మీద నడిచేది గోదావరికి ఇటూ అటూ ఉన్న కోయలు. ఒక కొండ చరియను ఏరేశాం, ఇక మీరు పశువుల్ని తోలుకోవచ్చని వాళ్లతో చెప్పాలంటే, వాడిన డిటెక్టర్ ఆ మట్టిలో ఎన్నింట ఎన్ని పట్టగలదో తెలిసుండాలి. యుద్ధం తగ్గేకొద్దీ ఈ వృత్తి అవసరం పెరుగుతుంది.

అందుకే కేంద్ర హోంశాఖను, రక్షణ శాఖను, మన రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలను నేను అడిగేది ఇది. బెంగళూరు టెస్ట్ పైలట్ల స్కూలు నమూనాలో, నేల మీది దళాల కోసం పరీక్షకుల స్కూలు ఒకటి పెట్టండి. దాని ప్రయోగశాల పాఠాలు హైదరాబాద్‌లో జరగనివ్వండి, నేల పాఠాలు జగ్‌దల్‌పూర్‌లో జరగనివ్వండి. ఇంజినీరును, వైద్యుడిని, అడవి తెలిసిన కానిస్టేబుల్‌ను ఒకే బెంచీ మీద ఏడాది కూర్చోబెట్టండి. పట్టా పొందినవాళ్లను కనీసం పదేళ్లు అదే పనిలో ఉంచండి, తయారీ సంస్థలకు గానీ కొనుగోలు విభాగాలకు గానీ వాళ్లు జవాబుదారీ కాకుండా చూడండి. వాళ్లు తేల్చిన హద్దుల్ని వాడే జవాను చదవగల భాషలో, హిందీలో, తెలుగులో, గోండీలో రాయించండి. పడేడా నుంచి కుట్రు దాకా పేలిన ప్రతి వాహనం ఫొటోలు, విచారణ నివేదికలు, పోస్టుమార్టం కాగితాలు ఎక్కడెక్కడి బీరువాల్లో ఉన్నాయో వెతికి, మూతవేసిన గదిలోనైనా సరే, మొదటి బ్యాచ్ ముందు పెట్టండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. హోంశాఖ ఉత్తర్వు ఒక్కటి చాలు.